గ్లాసు అడుగున శనగ గింజ

ఆ ఉదయం ఆకాశం బెల్లం పెనంలో మొదటి పొంగుకి పైకి తేలే మడ్డిలా ఉంది. తెలుపూ కాదు, బూడిదా కాదు. సూర్యుడు ఆ మడ్డి వెనకాల ఎక్కడో ఉన్నాడు గాని కొబ్బరి మట్టల మీద మెరుపు లేదు. మంచు చెరకు తోటల మీద కూచుని లేవడం లేదు. ఇలాంటి రోజున పాకం తొందరగా గట్టిపడదు. అందుకే నానాజీ తెల్లారకముందే లేచి గానుగ దగ్గరికి వెళ్ళిపోయాడు.

రత్నం అరుగు మీద కూచుని ఆ ఆకాశాన్నే చూస్తోంది. ఏడో నెల. కాళ్ళు వాచాయి. గుమ్మం నుంచి నూతి దాకా నడిస్తే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. నిన్న వేలికి సూది గుచ్చి చూస్తే రక్తం ఆరున్నర ఉంది. పోయిన నెల ఎనిమిది. మొదటి నెలల్లో పది.

తొమ్మిది రోజుల కిందట ఇదే అరుగు మీంచి అత్త కాసులమ్మ సంచీ పట్టుకుని దిగి వెళ్ళిపోయింది. అత్త పెట్టెలో చీరల అడుగున రత్నానికి సీసా నిండా ఎర్రటి బిళ్ళలు దొరికిన రోజు అది. అవి రక్తం బిళ్ళలు. రత్నం కోసం ఆశా కార్యకర్త అప్పలనర్సమ్మ నెలనెలా తెచ్చి ఇచ్చినవి.

ఆ బిళ్ళ రత్నానికి మొదట్నుంచీ పడలేదు. నోట్లో పెడితే తుప్పు వాసన, ఆ వెంటనే వాంతి. అప్పుడు నానాజీ ఒక ఉపాయం కనిపెట్టాడు. పెనంలో పాకం ముదిరాక, అచ్చుల్లో పోసే ముందు, తడి చేత్తో కాస్త తీసి బిళ్ళ చుట్టూ అద్ది కుంకుడు గింజంత ఉండ చేశాడు. ఆరాక బిళ్ళ వాసన ఉండదు, బెల్లం వాసనే. వారానికి సరిపడా ఉండలు చేసి డబ్బాలో పెట్టేవాడు. రోజూ సాయంత్రం ఒళ్ళు కడుక్కొచ్చి, ఒకటి తీసి, ఆమె అరచేతిలో పెట్టేవాడు. చెంబుతో నీళ్ళు కూడా తనే అందించేవాడు.

"కొరక్కు. మింగీ," అనేవాడు.

ఖాళీ అయిన బిళ్ళల అట్టలు దాచి అప్పలనర్సమ్మకి చూపించేవాడు. ఆవిడ తల్లుల మీటింగులో అతన్ని ముందు వరసలో కూచోబెట్టింది. భార్య చేతిలో ఉండ పెడుతున్నట్టు ఫోటో తీయించి ఆసుపత్రి గోడకి అంటించింది. ఊళ్ళో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకి ఆ ఫోటో చూపించి దెప్పేవారు. రత్నం ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఒకసారి ఆ గోడ వైపు చూసి వచ్చేది.

అలాంటి మొగుడు ఇస్తుంటే రక్తం తగ్గుతోందంటే తప్పు ఇంకెక్కడో ఉండాలి. సీసా దొరికిన రోజు అది ఎక్కడో తెలిసిపోయింది అనుకుంది రత్నం. అత్త డబ్బాలో ఉండలు మార్చి ఉత్త బెల్లం ఉండలు పెడుతోందని అంది. అంతకు ముందు వారం అత్త పోసిన చారు తుప్పు కంపు కొట్టిందని, అందులోనూ ఏదో కలిపిందని అంది. దొంగ అని కూడా అంది. కాసులమ్మ ఒక్క మాట బదులు చెప్పలేదు. ఉప్మాకలో చెల్లెలింటికి పోతానని మాత్రం అని సంచీ సర్దుకుంది. నానాజీ గోడకి ఆనుకుని నిలబడి తల్లి వెళ్ళే దాకా కాలి బొటనవేలితో నేల గీకాడు.

ఆ తరవాత డబ్బా అటక ఎక్కింది. సీసాలో బిళ్ళలన్నీ ఇక జాగ్రత్తగా ఉండల్లో పెడతానని నానాజీ గానుగ దగ్గరికి పట్టుకుపోయాడు. ఇంట్లో ఇద్దరే. ఇంక భయం లేదు అనుకుంది.

ఎనిమిది గంటలకి అప్పలనర్సమ్మ వచ్చింది. చేతిలో కాగితం, కొత్త బిళ్ళల అట్ట. కోడిపెట్టని కాలితో పక్కకి తోసి అరుగు మీద కూచుంది.

"ఇవాళే ఎల్లాలి రత్నం. అనకాపల్లి పెద్దాసుపత్రిలో మంచం సెప్పీసేను. ఒంటిగంటకి ఎర్రిబాబు ఆటో తెత్తాడు."

"ఇవాళేనా అప్పా. మొగ్గలు కోసి పెట్టుకున్నాను, దండ కడదామని."

"దండ నానట్టుకెల్తాను. నా జడ కాళీగానే ఉన్నాది." అప్పలనర్సమ్మ నవ్వించాలని చూసింది. రత్నం నవ్వలేదు. ఆవిడ గొంతు తగ్గించింది. "ఇదిగో ఇను. నరంలోంచి మందు ఎక్కిత్తారు. సాలకపోతే రక్తం ఎక్కిత్తారు. ఈ ఆరున్నరతో నొప్పులొచ్చినాయంటే కాస్త రక్తం పోయినా నువ్వు తట్టుకోలేవు. నువ్వు నేకపోతే లోపలిదీ ఉండదు. నిన్న డాక్టరమ్మ నాకు సెప్పిన మాట నీకు సెప్తన్నాను. దాయడం నేదు."

రత్నం పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"కాగితంలో ఎంట ఉండీవాళ్ళ పేరు రాయలేదు. నానాజీ పేరే గదా. మీరే రాసీండి." అప్పలనర్సమ్మ కాగితం మడత సరిచేసింది. కాసేపు వీధిలోకి చూసింది. "ఒకటడుగుతాను, సిగ్గు పడకు. దొడ్డికి నల్లగా వత్తందా?"

"నేదప్పా. ఎప్పట్లాగే."

"నల్లగా అసలు నేదా?"

"నేదు. రావాలా?"

"రక్తం బిళ్ళ లోపలికెల్తే నల్లగా వత్తాది. రెండు మూడు రోజులకే తెలిసిపోద్ది. అందరికీ అంతే." ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. "మీ అత్త ఎల్లి తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజుల్లో ఏ రోజైనా మానీసేవా?"

"ఒక్క రోజు మానలేదు. బావే ఇచ్చేడు. డబ్బా అటక మీదున్నాది. నాకు అందదు కూడాను."

అప్పలనర్సమ్మ అటక వైపు ఒకసారి చూసింది. కొంగు దులుపుకుని లేచింది. మెట్టు దిగాక వెనక్కి తిరిగి, "నిన్న రాత్రి మీ అత్తకి ఫోన్ సేసి సెప్పేను, నీ రక్తం సంగతి. కోప్పడకు," అని వెళ్ళిపోయింది. మల్లె మొగ్గలు అక్కడే మరిచిపోయింది.

కోడిపెట్ట మళ్ళీ అరుగెక్కింది. రత్నం దాన్ని తోలలేదు. మూడు నెలలుగా ప్రతి సాయంత్రం తన అరచేతిలో పడిన ఉండ గుర్తొచ్చింది. దాని బరువు గుర్తొచ్చింది. కొరక్కు అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడది ముద్దుగా ఉండేది.

తరవాత లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

నానాజీ తొమ్మిది దాటాక వచ్చాడు. చొక్కా నిండా చెరకు పిప్పి ముక్కలు. చేతిలో బాదం ఆకు, అందులో ఇంకా వెచ్చగా ఉన్న బెల్లం. ఆకు విప్పి ఆమె పక్కన పెట్టాడు.

"ఆకాశం సూసేవా. పాకం నా మాట ఇనడం మానీసింది. అప్పారావు మామైతే పెనం ముందర కూచుని దండం పెట్టేడు." కాళ్ళు కడుక్కుంటూ నవ్వాడు. "నర్సమ్మప్ప వచ్చిందట గదా. దార్లో కనబడింది. నా మొకం సూడకుండా ఎల్లిపోయింది. ఏటంది?"

"ఇవాళ పెద్దాసుపత్రికి ఎల్లాలంది."

అతని చెయ్యి చెంబు మీద ఆగిపోయింది. "ఇవాళా?"

"ఇవాళే. బావా, సాయంత్రానికి ఇంట్లో ఉండను గదా. ఈ రోజు ఉండ ఇప్పుడే ఇచ్చీ."

"ఆసుపత్రిలో వాళ్ళే ఇత్తారు."

"నీ సేత్తో ఇచ్చింది మింగి ఎల్తాను."

నానాజీ ఆమె ముఖం చూశాడు. అందులో ఏమీ కనబడలేదు. పీట వేసుకుని అటక మీది డబ్బా దించాడు. ఒక ఉండ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అలవాటుగా పెదవుల దాకా వచ్చిన మాట అనేశాడు.

"కొరక్కు. మింగీ."

రత్నం పక్కనున్న స్టీలు మూత తీసింది. దాని కింద గాజు గ్లాసులో వేడినీళ్ళు ఉన్నాయి. ఉండ అందులో వేసింది.

"అదేటి," అన్నాడు నానాజీ.

"కరగనీ."

"కరిగితే బిళ్ళ సేదు. నువ్వు తాగలేవు."

"సేదైతే తాగుతాను. ఎర్రగా అయితే తాగుతాను."

అతను గ్లాసు వైపు చెయ్యి చాపాడు. ఆమె గ్లాసుని పొట్టకి దగ్గరగా లాక్కుంది. చాపిన చెయ్యి అక్కడే కాసేపు ఉండి వెనక్కి వెళ్ళింది. అతను గుమ్మానికి ఆనుకుని కూలబడ్డాడు.

బెల్లం కరగడానికి తనకు కావలసినంత సేపూ తీసుకుంటుంది. అది నానాజీకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ముందు ఉండ చుట్టూ నీళ్ళు పసుపయ్యాయి. తరవాత బెల్లం సన్నటి తీగల్లా అడుగుకి దిగింది. ఒక పిప్పి పీచు ఊడి పైకి తేలింది. ఇద్దరూ దాన్నే చూశారు. వీధిలో చెరకు ట్రాక్టరు పోయింది. అరుగు అదిరి గ్లాసులో నీళ్ళు వణికాయి. ఎరుపు కోసం రత్నం చూసింది. బిళ్ళ మీద పూత నీళ్ళు తగిలితే ఎర్రగా దిగుతుంది, ఆమెకి తెలుసు. మొదటి నెలలో నాలిక మీద ఎన్నిసార్లు దిగిందో.

ఎరుపు రాలేదు. నీళ్ళు బెల్లం పానకం రంగుకి వచ్చి ఆగాయి. అడుగున ఒక వేపిన శనగ గింజ మిగిలింది. పొట్టు ముడతలు పడి, కాస్త ఉబ్బింది.

రత్నం రెండు వేళ్ళు పెట్టి దాన్ని తీసింది. ఇద్దరికీ మధ్య అరుగు మీద పెట్టింది.

"ఇదేటి బావా."

నానాజీ గింజ మీంచి చూపు తిప్పుకున్నాడు.

"గట్టిగా తగలాలని ఏసేవు. ఉత్త బెల్లమైతే నోట్లో తెలిసిపోద్దని ఏసేవు. అంతేనా?"

కోడిపెట్ట వచ్చి శనగ గింజని ముక్కున కరుచుకుని పోయింది. ఇద్దరూ కోడి వైపే చూశారు. అది నూతి దగ్గర ఆగి మింగేసింది.

"మొదట్నుంచీనా?" అంది రత్నం.

"మొదటి రెండు వారాలు బిళ్ళే పెట్టేను."

"తరవాత?"

"తరవాత... పెట్టలేదు."

"అత్త మారుత్తాదని అన్నాను. దొంగని అన్నాను. ఈ గుమ్మంలోనే అన్నాను. నువ్వు గోడకి ఆనుకుని ఉన్నావు."

"ఉన్నాను."

"నీ తల్లి బావా."

అతను తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. వెన్ను మీద పిప్పి ముక్కలు అంటుకుని ఉన్నాయి. మామూలు రోజైతే ఆమె దులిపేది.

"నా మీద కోపమా? నాను నీకేం సేసేను? బిడ్డ నాది కాదని ఎవరైనా సెప్పేరా?"

"ఆ మాటనకు."

"మరి సెప్పు. నువ్వు నోరిప్పకపోతే నాకు అన్ని మాటలూ వత్తాయి."

"బుజ్జి," అన్నాడు నానాజీ.

బుజ్జి అతని అక్క. రత్నానికి వరసకి వదిన. నాలుగేళ్ళ కిందట మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలయ్యాక బండిలో తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. బిడ్డ బతకలేదు. అప్పటికి రత్నం ఈ ఇంటికి రాలేదు. మేనమామ కూతురి చావుకి వచ్చి, పెరట్లో పనసచెట్టు కింద పెదిమ కొరుక్కుంటూ నిలబడిన నానాజీని చూసింది. ఇతన్ని చేసుకుంటానని ఆ ఏడాది ఇంట్లో చెప్పింది.

"దానికి బిళ్ళలు నానే తెచ్చీవాణ్ణి," అన్నాడు నానాజీ. "అత్తోరింట్లో ఇవ్వరని ఇక్కడికొచ్చేక నానే పట్టించుకున్నాను. రోజూ సాయంత్రం నా సేత్తో ఇచ్చేను. బిళ్ళ మింగితే బిడ్డకి బలమని సెప్పేరు. బిడ్డ నాలుగు కేజీలు పైనే ఉంటాదన్నారు. బయటికి రాలేదు. ఊళ్ళో అందరూ అదే అన్నారు, బిళ్ళలు మింగి బిడ్డని పెంచీసిందని. నా ముందర అన్నేదు. నానింటానని అనుకోలేదు."

"అప్పుడు నర్సమ్మప్పని అడగలేకపోయేవా?"

"ఏటని అడగను? నా అక్కని నానే సంపేనా అని అడగనా?"

నానాజీ మోచేతి మీది పిప్పి ముక్క గిల్లి పారేశాడు.

"నీకు వేవిళ్ళయినప్పుడు మొదటి అట్ట తెచ్చింది గదా. రెండు వారాలు పెట్టేను. నీ పొట్ట సూసినప్పుడల్లా బండి కనబడీది. ఇంక నావల్ల అవలేదు. బిళ్ళలు తీసి సీసాలో పోసి గానుగ పాక సూరులో పెట్టేను. పారీలేదు. కాన్పయ్యేక ఇద్దామనుకున్నాను. మన బెల్లంలో కూడా రక్తం పెంచీ గుణం ఉన్నాదంటారు గదా. రోజూ బెల్లం తింటంది గదా, సాలుద్ది అనుకున్నాను."

"నాకు సెప్పొచ్చు గదా."

"సెప్తే నువ్వు మింగీదానివి."

ఆ మాట నిజమే. అందుకే రత్నానికి అది ఎక్కువ నొప్పి పెట్టింది. ఆమె గ్లాసు ఎత్తి, ఆ పానకం నీళ్ళని అరుగు కింద పారబోసింది.

"గోడ మీది ఫోటో తీసినప్పుడు కూడా శనగ గింజేనా?"

నానాజీ తల ఊపాడు.

"నాను ఆ ఫోటో సూసుకోడానికి నెలనెలా లైన్లో ముందుకెల్లీదాన్ని," అంది రత్నం. గొంతు మామూలుగానే ఉంది. లేచి లోపలికి వెళ్ళి బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. మధ్య మధ్య ఆగి గోడ పట్టుకుంటోంది. నానాజీ రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ ఆమె "నువ్వు కూచో" అంది.

పదకొండు గంటలకి మంచు విడింది. ఎండ ఒక్కసారిగా వచ్చి పడింది. ఆ ఎండలో కాసులమ్మ సంచీతో మెట్లెక్కింది. తెల్లారి బస్సెక్కి, రెండు చోట్ల దిగి మారి వచ్చింది. చెప్పులు విడిచి, కోడలి కాళ్ళ వాపు చూసి, కొడుకు వంక చూసింది. అరుగు మీద ఖాళీ గ్లాసు చూసింది. మూత తీసిన డబ్బా చూసింది.

"తెలిసిందా," అంది.

"నీకు ముందే తెలుసా అత్తా," అంది రత్నం.

కాసులమ్మ సంచీ గుమ్మం పక్కన దింపి చతికిలబడింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"నెల్లాళ్ళ కిందట పాకలో సూరు కింద తేనెపట్టు తీద్దామని పోతే సీసా కనబడింది. ఎవరిదో నాకు తెలీదా. వీణ్ణి అడగలేదు. సీసా ఏదని వీడూ నన్ను అడగలేదు. తెచ్చి పెట్టెలో పెట్టేను."

"నాను నిన్ను దొంగన్నప్పుడు నోరిప్పొచ్చు గదా."

"ఇప్పితే వీడి పేరు సెప్పాలి. నీకు వీడు తప్ప ఎవరున్నారు ఈ ఇంట్లో."

రత్నం గోడకి ఆనుకుని కూచుంది. "ఆ చారు?"

"రోజుకొక బిళ్ళ నూరి కలిపేను. నాలుగు రోజులు తాగేవు. అయిదో రోజు పారబోసేవు."

"నన్నేటో సేద్దామనుకున్నావని తిట్టేను."

"తిట్టేవు."

"నువ్వు బిళ్ళలు ఎందుకు కలిపేవు?" అన్నాడు నానాజీ గుమ్మం దగ్గర్నుంచి. మొదటిసారి తల్లి వైపు నేరుగా చూశాడు. "బుజ్జి సంగతి తెలిసి కూడా కలిపేవా?"

కాసులమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. పొలం పని చేసిన చేతులు. గోళ్ళ కింద పసుపు.

"బుజ్జి సంగతి తెలుసు గాబట్టే కలిపేను."

"అంటే?"

"నువ్విచ్చిన బిళ్ళలు అది మింగలేదు రా."

"మింగింది. నా ముందరే నోట్లో ఏసుకునీది."

"ఏసుకునీది. నువ్వు వెనక్కి తిరిగేక పెరట్లో అరటి బోదె దగ్గర ఊసీది. ఒక్కటీ లోపలికి ఎల్లలేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "నానే ఊసీమన్నాను. బిళ్ళ మింగితే బిడ్డ పెద్దదైపోద్దని మా అమ్మ నాకు సెప్పింది. నాను దానికి సెప్పేను. తమ్ముడి మనసు కట్టపెట్టకు, నోట్లో ఏసుకో, ఎనకాల ఊసీ అన్నాను."

నానాజీ పెరటి వైపు తల తిప్పాడు.

"బిడ్డ అడ్డం తిరిగింది. అందుకు రాలేదు. రక్తం పోయింది. ఆసుపత్రి గుమ్మంలో డాక్టరుబాబు నాతో అన్నాడు, ఈ పిల్లకి ముందే ఒంట్లో రక్తం నేదమ్మా, ఉంటే కాసేపు తట్టుకునీది, ఈలోపల మేం ఏదో సేసీవాళ్ళం అని. ఆ మాట నాకొక్కదానికే సెప్పేడు. నాను ఎవరికీ సెప్పలేదు. మీ నాన్న పోయినా సెప్పలేదు."

"నాలుగేళ్ళు," అన్నాడు నానాజీ.

"నాలుగేళ్ళు."

"నాను సంపేననుకుని బతికేను అమ్మా."

"నాకు తెలుసు. సెప్పలేకపోయేను. సెప్తే నా మొకం సూడవని." కాసులమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి. "ఆ సీసా సూసేక నాకు నిద్ర నేదు. నువ్వు బుజ్జిని మనసులో పెట్టుకుని రత్నానికి బిళ్ళలు మానిపించేవు. నా నోరు మూసుకున్న పాపం ఈ పిల్ల కడుపులోకి వచ్చింది. అయినా నోరు తెరవలేకపోయేను. చారులో కలిపేను. అంతే నా ధైర్యం."

రత్నం ఇద్దర్నీ చూసింది. ఒకరు తన చేత్తో ఇస్తూ మోసం చేశారు. ఒకరు దొంగతనంగా కలిపి మేలు చేశారు. ఇద్దరూ నోరు విప్పలేదు. వాళ్ళిద్దరి మధ్యా తన రక్తం పదిలోంచి ఆరున్నరకి దిగింది. ఎవరి మీద కోపం ముందు రావాలో తెలీక ఆమెకి అలసట వచ్చింది. లోపల బిడ్డ ఒకసారి పక్కకి తిరిగింది.

"అన్నం వండు అత్తా," అంది. "ఆటో ఒంటిగంటకి వత్తాది."

కాసులమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కడిగిన చప్పుడు, పొయ్యి అంటించిన చప్పుడు వినబడ్డాయి. పోయిన వారం పూడిమడక నుంచి చేపలమ్మ వచ్చే మనిషి దగ్గర కొన్న ఎండుచేపలు నిప్పుల మీద వేసింది. చారు పెట్టింది. నానాజీ నూతి దగ్గరికి పోయి మూడు బాల్చీలు ఒంటి మీద పోసుకున్నాడు. తడి బట్టలతోనే కాసేపు అరటి బోదెల దగ్గర నిలబడి, నేల వైపు చూసి, తిరిగి వచ్చాడు.

రత్నం కాగితం మడత విప్పింది. పెన్ను కోసం చూస్తే నానాజీ జేబులోది తీసి చాపాడు. తీసుకుంది. కాగితం మోకాలి మీద పెట్టుకుని ఖాళీగా ఉన్న గీత మీద రాసింది. బడిలో నేర్పిన గుండ్రటి అక్షరాలు. నానాజీ నిలబడ్డ చోటునుంచి తలకిందులుగా చదివాడు.

కాసులమ్మ.

పెన్ను తిరిగి ఇచ్చింది. అతను జేబులో పెట్టుకోవడం మరిచిపోయి చేత్తోనే పట్టుకున్నాడు.

మూడు కంచాలు వేశారు. అన్నం, ఎండుచేప, చారు. కాసులమ్మ వడ్డించి తనూ కూచుంది. రత్నం ఉదయం వచ్చిన కొత్త అట్టలోంచి ఒక బిళ్ళ తీసింది. కాగితం ముక్కలో పెట్టి చెంబు అడుగుతో నొక్కింది. రెండుసార్లు నొక్కాక అది పొడి అయింది. ఆ పొడిని తన గిన్నెలో చారులో వేసి వేలితో తిప్పింది. తుప్పు వాసన లేచింది. ఆమె కళ్ళు మూసుకుని ఆగింది. కాసులమ్మ చెయ్యి ఒకసారి లేచి, కోడలి వీపు దాకా వెళ్ళి, తాకకుండా మళ్ళీ కంచంలోకి వచ్చింది. రత్నం కళ్ళు తెరిచి, గిన్నె ఎత్తి, ఆపకుండా చివరి దాకా తాగింది.

నానాజీ అన్నం కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు గుమ్మం వైపు చూశాడు. రత్నం మూట అక్కడ ఉంది. దాని పక్కనే తల్లి ఉప్మాక నుంచి తెచ్చిన సంచీ, విప్పకుండా, కట్టినది కట్టినట్టే ఉంది. రెండే. మూడోది లేదు. ఆసుపత్రి నుంచి అవి ఏ ఊరికి పోతాయో అతను అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళు కూడా లేరు.

వీధి మొగలో ఎర్రిబాబు ఆటో హారన్ మోగింది. ఎవరూ తల ఎత్తలేదు. హారన్ ఇంకోసారి, ఈసారి గుమ్మం ముందే మోగింది. ముగ్గురూ కంచాల్లోకి చూస్తూ అన్నం తింటూనే ఉన్నారు.